అంచుపోగుల ముడులు

పేరాల, చీరాల,
8 అక్టోబరు 1962

ఒరేయ్ పానకాలూ,

అక్క దీవెనలు. నువ్వు బతికే ఉన్నావని మొన్న మా పెద్దబావగారి కొట్లో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. మొంబాసాలో కాయితాలు దొరకవా? లేక సేఠు కొట్లో రుమాళ్ళ మూటలు విప్పీ విప్పీ చేతులు పడిపోయాయా? ఓడ ఎక్కేముందు వారానికో ఉత్తరమన్నావు. నాలుగు నెలలకి ఒకటి రాలింది. పోస్టు బంట్రోతు సైకిలు గంట మోగితే చాలు, మగ్గం మీంచి లేచి గడప దగ్గరికి పరుగెత్తడం, వాడు నవ్వుతూ పోవడం. సిగ్గుపోతోంది నాకు.

తిట్లు చాలు. అసలు సంగతి నిదానంగా చదువు.

మీ బావ ఇల్లు వదిలి వచ్చే మాఘానికి పన్నెండేళ్ళు. నువ్వప్పుడు నిక్కర్ల వాడివి, నీకేం గుర్తుంటుంది. దళారీల చేతిలో పెట్టకుండా మన రుమాళ్ళు మనమే అరబ్బులకి అమ్ముకుందామని మూట కట్టుకుని పోయాడు. బొంబాయి నుంచి ఒక్క కార్డు వచ్చింది. "తెరచాప పడవ ఎక్కుతున్నాను, ఆరునెలల్లో వస్తాను" అని. అంతే.

ఇప్పుడు ఆయన అన్నగారు చెంచురామయ్య, అదే మా పెద్దబావగారు, కులపెద్దల్ని కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళు జాడ లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసెయ్యాలట. మాఘ అమావాస్య అని ఖాయం చేశారు. "ఈలోగా మా తమ్ముడు మాలకొండయ్య బతికున్నాడని ఒక్క ఆనవాలు చూపించమ్మా, మానేస్తాం" అన్నాడు నా మొహానే. చూపించలేకపోతే ఆ రోజుతో నా బొట్టు పోతుంది. నాకు ముప్ఫై రెండేళ్ళురా. మా అత్తయ్య పేరమ్మగారికి కళ్ళు పూర్తిగా పోయాయి, అయినా గొంతు పోలేదు. "నా కొడుకుని నేను చెప్పందే ఎవడ్రా చంపేది" అని కులపెద్దల మీదికి కర్ర విసిరింది.

నువ్వు రేవు ఊళ్ళో ఉన్నావు. పడవల వాళ్ళని అడుగు. పొడుగాటి మనిషి, ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

ఒక మాట. నీ ఉత్తరాలు బంట్రోతు నా చేతికివ్వడు, మా గడప దాటిపోయి పెద్దబావగారి కొట్లోనే ఇస్తాడు. ఆయన చదివాకే నా చేతికిస్తాడు. చూసుకుని రాయి.

నీ అక్క,
మల్లేశ్వరి


మొంబాసా,
5 నవంబరు 1962

అక్కకి నమస్కారాలు. తిట్లు అందాయి. అన్నీ సరిగ్గా తగిలాయి.

బావ గురించి రేవులో అడిగాను. అరబ్బు పడవలు డిసెంబరు గాలికి గానీ రావు. వచ్చాక ఒక్కొక్కణ్ణీ పట్టుకుని అడుగుతాను. దిగులుపడకు, బావ ఎక్కడో ఒక చోట ఉంటాడు.

నిన్న ఆదివారం నేను దొరలాగా విహారయాత్ర చేసొచ్చాను! సేఠు చుట్టం కోసం ముందే టిక్కెట్టు తీసి పెట్టారు, ఆయనకి జ్వరం వచ్చింది, అది నాకు దక్కింది. సాలిం అని ఒకాయన ఉన్నాడు. చిన్న వ్యానులో ఎనిమిది మందిని ఎక్కించుకుని, ఉత్తరంగా సముద్రం వెంబడి పాత ఊళ్ళన్నీ చూపించి, కథలు చెప్పి, చీకటి పడకముందే తెచ్చి దించుతాడు. మాతో ఇద్దరు ఇంగ్లీషు పంతులమ్మలు, ఒక గోవా గుమాస్తా కుటుంబం, గొడుగు వదలని ఒక ముసలి డాక్టరు. దారిలో తిండి ఎలా ఉంటుందోనని పులిహోర కట్టుకుపోయాను, పంతులమ్మలే సగం తినేశారు.

కిలిఫీ అనే చోట వ్యానుతో సహా పంటు మీద వాగు దాటాం. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. తర్వాత గెదీ. అడవి మధ్య ఒక ఊరు ఊరంతా పాడుపడి ఉందక్కా. రాతి గోడలు, మసీదు, బావులు, రాజుగారి ఇల్లు. గోడల మీద చెట్ల వేళ్ళు దిగి ఉన్నాయి. జనం ఒకప్పుడు ఉన్నపళాన లేచిపోయారట, ఎందుకో ఎవరికీ తెలియదట. ఒక్క పిట్ట అరవలేదు. బయటికొచ్చాక సాలిం అలవాటు ప్రకారం మమ్మల్ని లెక్కపెట్టాడు. తొమ్మిది వచ్చింది. నిన్ను నువ్వు కలుపుకున్నావయ్యా అని మేమంతా నవ్వాం. అతను నవ్వలేదు. మళ్ళీ లెక్కపెట్టి ఎనిమిది వచ్చాకే బండి కదిలించాడు.

మధ్యాహ్నానికి మాలిందీ. సముద్రం ఒడ్డున గుట్ట మీద వాస్కోడగామా పాతించిన రాతి స్తంభం ఉంది. ఇక్కడి నుంచే దారి తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని మన దేశం వచ్చాడట. అక్కణ్ణించి కొంచెం ఎడంగా ఒక బెస్తపల్లెలో పాకకింద చిన్న సమాధి ఒకటి చూపించారు. ఎవరిదో సాలిం సరిగా చెప్పలేదు, పడవల వాళ్ళు దణ్ణం పెట్టుకునే చోటు అన్నాడు. దాని మీద ఏం కప్పి ఉందనుకున్నావు? మన తేలియా రుమాలు! నేను ఊరుకుంటానా. వంగి వాసన చూశాను. అసలు సిసలు నూనె నూలు, ఆముదపు కాయల బూడిదనీళ్ళలో నానిందే. ఎన్నేళ్ళదో, ఎరుపు చెక్కు చెదరలేదు. పంతులమ్మలు నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

ఒక మూల పువ్వు మాత్రం చెడింది. నూలుని రంగులో ముంచేటప్పుడు దానికి కట్టిన కట్టు జారి ఒక రేకు ఎర్రలో కలిసిపోయింది. ఏ ఇల్లాలో మొగుడితో పోట్లాడుతూ కట్టు కట్టి ఉంటుందని చెప్పి సాలింని నవ్వించాను.

నీ తమ్ముడు,
పానకాలు


పేరాల,
19 నవంబరు 1962

పానకాలూ,

నీ ఉత్తరం అందింది. పెద్దబావగారు కొట్లో పైకే చదివి, విహారయాత్రలు బాగానే చేస్తున్నాడే మీవాడు అన్నాడు. ఇంటికి తెచ్చాక అత్తయ్య ఆ అడవిలో ఊరి సంగతి నాచేత రెండుసార్లు చదివించుకుంది. సమాధి సంగతి దగ్గరికొచ్చేసరికి దగ్గొచ్చిందని చెప్పి వదిలేశాను.

చైనా వాళ్ళతో యుద్ధం, ఊళ్ళో ఆడవాళ్ళు గాజులు తీసి ఇస్తున్నారు. మగ్గం గుంటలోకి వాన నీళ్ళు వచ్చాయి. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

నేను అడిగిన వాటికి సూటిగా జవాబు రాయి. ఆ చెడిన పువ్వుకి ఎన్ని రేకులు? మిగతా మూడు మూలల్లో ఎన్ని? గళ్ళ మధ్య నల్లగీత ఒకటా, రెండా? రుమాలు మీద ఇంకేదైనా గుర్తు ఉందా?

ఎందుకని అడక్కు. నేను కారణం రాస్తే నువ్వు జవాబులో దాన్నే పట్టుకుంటావు, అది ముందు ఎవరి చేతిలో పడుతుందో నీకు తెలుసు. నా మీద ఒట్టు. జోకులు వేయకు.

మల్లేశ్వరి


మొంబాసా,
2 డిసెంబరు 1962

అక్కకి,

నీ ఉత్తరం చూసి మొదట భయపడ్డాను, తర్వాత అర్థమై నవ్వుకున్నాను. ఆ చెడిన రుమాలు మన ఇంటిదేనా ఏంటి? నీ చేతి కట్టేనా? పెద్దబావగారికి తెలిస్తే, చెడిన సరుకు నా పేరు మీద పరాయి దేశం పోయిందని గోల చేస్తాడనే కదా నీ భయం? ఇది ఆయన చదివినా చదవనీలే. ఎన్నేళ్ళ కిందటి సరుకో అది, ఎవడు పట్టించుకుంటాడు.

ఒట్టు పెట్టావు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. సాలిం ప్రతి ఆదివారం పోతాడుగా, వాణ్ణే చూసి రమ్మన్నాను. మూడు మూలల్లో ఆరేసి రేకులు. చెడిన మూల అయిదు. నల్లగీతలు రెండు.

ఇంకో గుర్తు ఉంది, సాలిం చెబితే తెలిసింది. ఒక మూల అంచుపోగులకి చిన్న చిన్న ముడులు, వరసగా ఏడు. గోరుకి కూడా అందనంత గట్టివట. పడవల వాళ్ళు అది చూసి, సముద్రం మీదికి పోయేముందు తమ గుడ్డలకీ ముడులేసుకుంటారట.

నీకు అంత బెంగగా ఉంటే ఆ రుమాలే నీ చేతిలో పెట్టిస్తాను. అక్కడ కాపలా ఉండే ముసలమ్మకి బదులు కొత్తది ఇస్తే ఇస్తుందని సాలిం అన్నాడు. ఇరవైమూడో తేదీ నేనే అతనితో పోతున్నాను. మన వేటపాలెం అల్లాబక్షు ఇక్కడ ఓడలో వంటవాడుగా ఉన్నాడు, సెలవు మీద ఇంటికి వస్తున్నాడు. అతనితో పంపిస్తాను. నీ తప్పు నీ పొయ్యిలోనే వేసుకో.

అరబ్బు పడవ ఒకటి వచ్చింది. మాలకొండయ్య పేరు ఎవరూ వినలేదన్నారు. ఇంకా వస్తాయి.

పానకాలు


పేరాల,
15 డిసెంబరు 1962

పానకాలూ,

దాన్ని ముట్టుకోకు. ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండనీ. నీ చేతులు పట్టుకుని చెబుతున్నాననుకో.

ఇంక దాచి లాభం లేదు. మీ బావ ప్రయాణం కట్టిన వారం మేమిద్దరం రోజూ పోట్లాడుకున్నాం. వద్దన్నాను, కాళ్ళు పట్టుకున్నాను, అన్నం మానేశాను. ఆ కోపంలోనే నూలుకి కట్లు కట్టాను, ఒకటి జారింది. నేసి చూస్తే ఒక మూల పువ్వుకి అయిదే రేకులు. నేను ఏడుస్తుంటే ఆయన దాన్ని తీసి మెడకి చుట్టుకున్నాడు. "ఇది అమ్మకానికి పనికిరాదులే, నాకు పనికొస్తుంది. నీ కోపం నాతోనే ఉంటుంది" అన్నాడు. ఆ రుమాలు ఎవరూ చూడలేదురా, ఏ మూటలోకీ పోలేదు. నీ విహారయాత్ర ఉత్తరంలో ఆ ముక్క చదివినప్పుడే నా ప్రాణం పోయింది. మొగుడితో పోట్లాడుతూ కట్టిందని రాశావు చూడు, దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కానీ ముడులు నేను వేయలేదు. ఆయన మెడకి చుట్టుకున్నప్పుడు అంచుపోగులు దువ్వినట్టు ఉన్నాయి, ముడి అనేదే లేదు, నాకు బాగా గుర్తు. కాబట్టి అది వేరే ఎవరిదో కావచ్చు. నాలాగే ఇంకో ఆడది కట్టు జార్చి ఉండవచ్చు. ఇన్ని వేల రుమాళ్ళు పోయాయి కదా. ఆ ఏడు ముడులనే పట్టుకుని బతుకుతున్నాను.

ఆ సమాధి ఎవరిదో మాత్రం అడుగు. జవాబు అల్లాబక్షు భార్య జోహరాబీ పేరుతో వేటపాలెం రాయి. జీడిపిక్కలు ఒలిచే పని మానుకుని నా కోసం ఆరోజే నడిచొచ్చి ఇస్తానంది.

ముట్టుకోకు.

అక్క


మొంబాసా,
30 డిసెంబరు 1962

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. వారం ఆలస్యం. నేను చేయాల్సిందంతా చేసేశాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను, కానీ ముందే ఎందుకు చెప్పలేదక్కా? తెలిసుంటే దాని మీద చెయ్యి వేసేవాణ్ణి కాదు.

ఇరవైమూడున సాలింతో పోయాను. ఈసారి వ్యానులో అయిదుగురమే. కొత్త రుమాళ్ళు రెండు పట్టుకెళ్ళాను. ముసలమ్మ వాటిని చూడనైనా చూడలేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి నా మెడలోది చూపించింది. నేను బయల్దేరిన రోజు పేరమ్మ అత్త తన చేత్తో చుట్టిందే, అది. దాని మూల కూడా అంచుపోగులు చిక్కుముడులు పడి ఉన్నాయి, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ముసలమ్మ ఆ ముడులు తడిమి చూసి, మొహం విప్పారి, పాతది మడత పెట్టి నా చేతిలో పెట్టింది. నాది సమాధి మీద పరిచింది. 

తిరిగొచ్చేటప్పుడు సాలింని గట్టిగా అడిగితే చెప్పాడు. పన్నెండేళ్ళ కిందట పెద్ద వానలకి ముందు అరబ్బు పడవ ఒకటి అక్కడ రాళ్ళకి కొట్టుకుని ముక్కలైందట. మూడు శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఇద్దర్ని తోటి వాళ్ళు గుర్తుపట్టారు. మూడోవాడు దారిలో ఎక్కిన మనిషి, భాష ఎవరికీ తెలియదు. ఆ ముసలమ్మే వాణ్ణి కడిగి పూడ్పించింది. మెడలో ఉన్న రుమాలు మాత్రం ఉంచుకుని, పొద్దున్నే పరిచి సాయంత్రం మడిచేదట. నిన్న నీ ఉత్తరం చదివాక, చెవి తమ్మె సంగతి ముసలమ్మని అడగమన్నాను. సాలిం వచ్చే ఆదివారం అడుగుతానన్నాడు. అడగనీయాలా, వద్దా? నాకు ధైర్యం చాలడం లేదు.

అల్లాబక్షు ఇరవైఏడున ఓడెక్కాడు. ఏడెన్, కరాచీ తిరిగి బొంబాయి వచ్చి ఇంటికి చేరేసరికి ఫిబ్రవరి అవుతుందట. నీ చేతికే ఇమ్మని చెప్పాను. ఆపడానికి ఇక నా వల్ల కాదు.

ఇంకో సంగతి. ఫిబ్రవరి ఆఖరున గాలి చూసుకుని సేఠు నన్ను సరుకుతో పడవ మీద కిల్వాకి పంపిస్తాడట. అదీ పాత రేవే, పెద్ద పెద్ద శిథిలాలట. వచ్చాక రాస్తాను.

పానకాలు


పేరాల,
26 ఫిబ్రవరి 1963

నా తండ్రీ, పానకాలూ,

ముందు ఇది చదువు. ఆ కిల్వా పడవ ఎక్కకు. ఇరవయ్యో తేదీనే తంతి ఇచ్చాను. అందిందో లేదో. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి నెలన్నరైనా జవాబు రాయలేదు. రాస్తే ఒప్పుకున్నట్టే అనిపించింది. ముడులు నావి కావు, ముడులు నావి కావు, ఇదే జపం మగ్గం ముందు కూర్చుని. నీ రుమాలుకీ చిక్కుముడులున్నాయని రాశావే, అది చదివి కూడా దాన్ని మనసులోకి రానివ్వలేదు. రెండు రోజులకోసారి వేటపాలెం నడిచిపోయి అల్లాబక్షు వచ్చాడా అని చూసొచ్చాను. నేనే అందుకుని ఎవరి కంటా పడకుండా కాల్చేద్దామనుకున్నాను. పందొమ్మిదిన నూలు జాడించడానికి కాలవకి పోయాను. ఆ ఒక్క గంటలోనే వచ్చాడు. ఇంట్లో అత్తయ్య ఒక్కతే. "పానకాలు పంపాడమ్మా" అని ఆమె ఒళ్ళో పెట్టాడట పాపం, మంచిపనే అనుకుని.

నేను వచ్చేసరికి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది.

"మన బూడిదనీళ్ళ వాసనేనే. ఎక్కడిది?"

"మొంబాసా కొట్లోదట అత్తయ్యా. ఇటివ్వు, ఉతికి పెడతాను."

ఇవ్వలేదు. ఆమె వేళ్ళు అంచు పట్టుకుని నడుస్తున్నాయి. ఒక మూల దాటాయి. రెండో మూల దాటాయి. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మూడో మూల దగ్గర ఆగాయి.

"ఒకటి" అంది. "రెండు. మూడు." గోటితో ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెడుతోంది. ఆరు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. ఏడు అని చెప్పకపోతే బాగుండునని, చెప్పకపోతే చాలునని దేవుళ్ళందరికీ మొక్కాను.

"ఏడు" అంది. "ఇవి నేను వేసినవేనే, మల్లీ."

ఆయన గడప దాటే ముందు, నేను లోపల మొహం చాటేసి ఏడుస్తున్నప్పుడు, కొడుకు మెడలో రుమాలు సర్దుతున్నట్టు నిలబడి వేసిందట. వాళ్ళ అత్తగారు నేర్పిందట. దూరం పోయే మగవాడి రుమాలుకి ఇంటి పెద్దావిడ ఏడు ముడులు వేయాలి, వాడికి గానీ మరొకరికి గానీ చెప్పకూడదు. తిరిగొచ్చాక వేసిన చెయ్యే విప్పాలి. అవి విప్పేదాకా ఆ మనిషి ఇంకా దారిలో ఉన్నట్టే. అందుకే ఆమె కులపెద్దల మీద కర్ర విసిరింది, నేను చెప్పందే ఎవడు చంపేదని.

నేను అంతా చెప్పేశాను. రాళ్ళు, పడవ, కడిగిన ముసలమ్మ, అంతా. ఆమె కేకలు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. పూటంతా కూర్చుని ఏడు ముడులూ విప్పింది. గోళ్ళు చిట్లి రక్తం వచ్చినా నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఆఖరిది విప్పి, "ఇంక వాడు దారిలో లేడు" అంది. అప్పుడు ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం.

అమావాస్య నాడు దర్భల బొమ్మకి ఆ రుమాలే చుట్టి కాల్చారు. ఆనవాలు చూపించమన్నది పెద్దబావగారే కదా, అదే చూపించాను. నా బొట్టు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అత్తయ్యే తన కొంగుతో తుడిచింది. నాకు మీ బావ మీద కోపం పోయిందిరా. ఆ అయిదు రేకుల పువ్వు కాలుతుంటే చూశాను.

కానీ ముడులు విప్పిన సాయంత్రమే అత్తయ్య అడిగింది. "పానకాలుది మెడలోనే ఉందా? వాడికీ వేశాను" అని.  ఉందని అబద్ధం చెప్పాను.

నీది ఆ సమాధి మీద ఉంది. ఇవన్నీ ఆడవాళ్ళ పిచ్చి అని నువ్వు నవ్వుతావు. నవ్వు, ఎంత కావాలంటే అంత నవ్వు, కానీ ముందు మాలిందీ పో. సాలింతోనే పో. ఆ ముసలమ్మ కాళ్ళు పట్టుకుని నీ రుమాలు తెచ్చుకో. ముడులు నువ్వు విప్పకు. మెడకి చుట్టుకుని పెద్ద ఓడలోనే ఇంటికి రా. అత్తయ్యకి డెబ్బై ఆరేళ్ళు, మొన్నటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. విప్పే చెయ్యి అదొక్కటే ఉంది.

తంతి ఇచ్చి ఆరు రోజులు. జవాబు లేదు. ఫిబ్రవరి ఆఖరు అని రాశావు, ఎల్లుండితో ఈ నెల అయిపోతుంది. ఈ ఉత్తరం నీకు చేరడానికి ఇంకో పది రోజులు.

నేను ఏమీ చెప్పకపోయినా ఆమెకి ఏదో తెలిసినట్టే ఉంది. బంట్రోతు సైకిలు గంట వినబడితే నాకంటే ముందు గోడ పట్టుకుని లేచి, గడప దగ్గర రెండు చేతులూ చాపి నిలబడుతోంది.

నీ అక్క,
మల్లేశ్వరి